ఈ దెబ్బ ఎవరిది?

అమెరికా నల్లజాతి చర్చిల్లో డ్రమ్స్ విద్య చేతులు మారిన తీరు

లూసియానా రాష్ట్రంలో ష్రీవ్‌పోర్ట్ అనే ఊరు. అక్కడి జయన్ బాప్టిస్ట్ చర్చికి దశాబ్దాల పాటు పాస్టరు బ్రేడీ ఎల్. బ్లేడ్. ఆదివారం ఆరాధనలో డ్రమ్స్ వాయించేది ఆయన పెద్ద కొడుకు. అతనిదీ తండ్రి పేరే. చిన్నవాడు బ్రయన్ బడిలో వయొలిన్ నేర్చుకునేవాడు. 1980ల్లో అన్న కాలేజీకి వెళ్లిపోయాడు, పీట ఖాళీ అయింది. మళ్లీ ఆదివారం వస్తుంది, ఎవరో ఒకరు కూర్చోవాలి కదా! పదమూడేళ్లు అటూ ఇటూగా ఉన్న తమ్ముడు కూర్చున్నాడు.

ఆ తమ్ముడే తర్వాత బాబ్ డిలన్ ‘టైమ్ అవుట్ ఆఫ్ మైండ్’ ఆల్బమ్‌లో వాయించాడు. గాయని జోనీ మిచెల్‌తో పనిచేశాడు. జాజ్ దిగ్గజం వేన్ షార్టర్ క్వార్టెట్‌లో డ్రమ్మర్ అయ్యాడు. సొంత బృందానికి ‘ఫెలోషిప్’ అని పేరు పెట్టుకున్నాడు. చర్చి పిల్లవాడికి ఇంకే పేరు తడుతుంది! అన్న కూడా తక్కువవాడేం కాదు, గాయని ఎమిలూ హారిస్ ‘స్పైబాయ్’ బృందానికి డ్రమ్మర్ అతనే.

బ్రయన్ బ్లేడ్‌కి తర్వాత న్యూ ఆర్లిన్స్‌లో గొప్ప గురువులు దొరికారు. అయితే తొలి పాఠం చెప్పింది ఖాళీ పీట. గాస్పెల్ అనే ఈ చర్చి సంగీతం వాయించే డ్రమ్మర్లలో ఎవరిని కదిపినా ఇంచుమించు ఇదే కథ. నేర్పినవాడి కంటే, తనకు ముందు అక్కడ కూర్చున్నవాడి పేరు ముందు చెబుతారు. మృదంగానికి ఫలానావారి బాణీ, ఫలానావారి శిష్యుడు అని మనం చెప్పుకుంటాం. అక్కడ ఫలానా చర్చి, ఫలానా పీట.

అసలు ఆ పీట దగ్గరికి చేరడానికే నల్లవారికి చాలా కాలం పట్టింది. 1739లో దక్షిణ కరోలినాలోని స్టోనో దగ్గర బానిసలు డప్పులు మోగిస్తూ తిరగబడ్డారు. మరుసటి ఏడే వచ్చిన చట్టం వాళ్ల చేతుల్లోంచి డప్పు లాగేసింది. వాద్యం పోయింది గానీ లయ ఎక్కడికి పోతుంది? చేతులు చప్పట్లయ్యాయి, పాదాలు నేలను మోగించాయి, ఒకరు కర్రతో చెక్క నేల మీద తాళం వేస్తే మిగతావాళ్లు వలయంగా తిరుగుతూ పాడేవారు. దాన్ని ‘రింగ్ షౌట్’ అన్నారు. జార్జియా తీరంలో ఇప్పటికీ అది బతికే ఉంది. ఈనాటి గాస్పెల్ డ్రమ్మర్ కాలితో బేస్ డ్రమ్ మీద, చేతితో స్నేర్ మీద పంచుకునే పని ఒకప్పుడు అలా ఊరంతా కలిసి చేసిన పనే.

1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో విలియం జె. సేమూర్ నడిపిన కూటాలతో పెంతెకొస్తు ఉద్యమం ఊపందుకుంది. ఆ మరుసటి ఏడాది అక్కడికి వెళ్లివచ్చిన చార్లెస్ హారిసన్ మేసన్ మెంఫిస్ కేంద్రంగా ‘చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్’ను నడిపాడు. బాప్టిస్టు, మెథడిస్టు సంఘాలు చాలావరకు డ్రమ్స్‌ను క్లబ్బుల సరుకుగా చూసి దూరం పెట్టిన రోజుల్లో, ఈ సంఘంవారు 150వ కీర్తన చూపించి తంబురలనూ తాళాలనూ డ్రమ్స్‌నూ లోపలికి పిలిచారు. గాస్పెల్ డ్రమ్మర్ల వంశవృక్షంలో ఈ సంఘం పేరు పదే పదే కనబడటానికి కారణం ఇదే.

అక్కడి ఆరాధన చూడనివాళ్లకు ఈ డ్రమ్మర్ పనేమిటో ఊహకు అందదు. ప్రసంగం చివరికొచ్చేసరికి పాస్టరు మాట రాగమవుతుంది. ఆయన ఒక ముక్క అని ఆగితే హ్యామండ్ ఆర్గాన్ జవాబిస్తుంది, డ్రమ్స్ ఆ జవాబుకు చుక్క పెడుతుంది. కాసేపటికి ఎవరో లేచి గంతు వేస్తారు. ఆ క్షణాన వేగం ఒక్కసారిగా పెరగాలి. దీన్ని ‘ప్రెయిజ్ బ్రేక్’ అంటారు. ముందు కాగితం ఉండదు. మూడు నిమిషాల్లో ముగుస్తుందో, అరగంట పడుతుందో ఎవరికీ తెలియదు. పాస్టరు భుజం కదలికను, ఆర్గాన్ వాయించేవాడి ఎడమ చేతిని, నృత్యం చేస్తున్న ముసలమ్మ పాదాలను ఒకేసారి చూస్తూ వాయించాలి. తాళం తడబడితే ఆ ముసలమ్మ ముఖంలోనే తెలిసిపోతుంది. ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఏ సంగీత కళాశాలలోనూ లేదని నా నమ్మకం.

ఆ డ్రమ్మర్ పక్కనే, వెనకే, పిల్లలు కూర్చుంటారు. కళ్లతోనే నేర్చుకుంటారు. ఏదో ఒక పాటకు పెద్దవాడు పుల్లలు చేతికిస్తాడు. ఊరు దాటి ఈ విద్య ప్రయాణించింది మాత్రం రికార్డుల మీద. గాస్పెల్ గాయకుడు వాల్టర్ హాకిన్స్ ఓక్లండ్‌లోని తన లవ్ సెంటర్ సంఘంతో 1975లో ‘లవ్ అలైవ్’ ఆల్బమ్‌ల వరస మొదలుపెట్టాడు. హాకిన్స్ కుటుంబపు రికార్డుల్లో డ్రమ్స్, బేస్ గిటారు రెండూ వాయించిన జోయెల్ స్మిత్ పేరు చెబితే గాస్పెల్ డ్రమ్మర్లు ఈరోజుకీ తల వంచుతారు. బయట ప్రపంచానికి ఆ పేరు తెలియనే తెలియదు. 1980ల్లో డెట్రాయిట్ నుంచి ‘కమిషన్డ్’ బృందం వచ్చింది, దాని డ్రమ్మర్ మైకేల్ విలియమ్స్. ఆ బృందంలోని ఫ్రెడ్ హామండ్ తర్వాత సొంతంగా సాగితే, ఆయన వెనక మార్విన్ మెక్విటీ కూర్చున్నాడు, ఆ తర్వాత షికాగో కుర్రాడు కాల్విన్ రోజర్స్. క్యాసెట్‌ను వెనక్కి తిప్పి, మళ్లీ విని, ఒక్కో దెబ్బ పట్టుకున్న తరం అది.

ఈ వంశం అచ్చంగా చర్చి రక్తమేనని ఎవరైనా అంటే నమ్మకండి. గాస్పెల్ గాయకుడు ఆండ్రే క్రౌచ్ రికార్డుల్లో వాయించిన బిల్ మాక్స్‌వెల్ తెల్లవాడు. గాస్పెల్ కుర్రాళ్లు ప్రాణం పెట్టి అనుకరించిన డెన్నిస్ చాంబర్స్ పేరు తెచ్చుకున్నది ఫంక్ బృందాల్లో. విన్నీ కొలయూటా, టోనీ విలియమ్స్ లాంటి బయటి డ్రమ్మర్లు వాయించినవీ చర్చి పీట మీదికి వచ్చి చేరాయి. శనివారం రాత్రి విన్నది ఆదివారం ఉదయం దేవుడి సొత్తయ్యేది. పెద్దలు గొణిగేవారు, పిల్లలు వాయించేవారు.

ఇక షెడ్ సంగతి. ఆరాధన అయ్యాకో, వారం మధ్యలోనో, ఇద్దరు ముగ్గురు డ్రమ్మర్లు ఎదురెదురుగా కూర్చుని వంతులవారీగా విసురుకోవడాన్ని షెడ్ అంటారు. ఒకడు నాలుగు ఆవర్తాలు వాయిస్తే, రెండోవాడు దాన్ని అందుకుని ఇంకో మెలిక వేసి తిరిగి ఇవ్వాలి. ఇక్కడే ఈ బాణీకి గుర్తింపుగా నిలిచిన ముక్తాయింపులు పదునెక్కాయి. వాటి కిటుకు ఏమిటంటే, బేస్ డ్రమ్ కాలి పని అన్న సంగతి మరిచిపోయి దాన్ని మూడో చేతిగా వాడటం. కుడి, ఎడమ, కాలు, మళ్లీ కుడి, ఎడమ, కాలు. ఏ రెండు దెబ్బలూ ఒకేసారి పడవు. వేగం పెంచితే వినేవాడికి నలుగురు వాయిస్తున్నట్టుంటుంది. 2000ల్లో ‘గాస్పెల్ చాప్స్’ అనే సంస్థ ఈ షెడ్‌లను చిత్రీకరించి డీవీడీలుగా అమ్మింది. దాంతో నేలమాళిగల్లో ఉన్న ఆట ప్రపంచమంతా చూసింది.

ఆ సమయానికే పాప్ తారలు చర్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. వాషింగ్టన్‌లో పెంతెకొస్తు సంఘంలో పెరిగిన అరోన్ స్పియర్స్ 2004 నుంచి అషర్‌కు వాయించాడు. 2006లో ‘మోడర్న్ డ్రమ్మర్’ పత్రిక ఉత్సవంలో అషర్ పాట ‘కాట్ అప్’ మీద అతను వాయించిన వీడియోను చూడని డ్రమ్స్ విద్యార్థి అరుదు. అదే ఏడాది బెయాన్సే కట్టుకున్న మహిళల బృందంలో చేరిన నిక్కీ గ్లాస్పీ కూడా చర్చి బిడ్డే. కాలిఫోర్నియా కుర్రాడు థామస్ ప్రిజెన్ తొమ్మిదేళ్లకే జాతీయ డ్రమ్స్ పోటీ గెలిచి, పెద్దయ్యాక రాక్ బృందం ‘ద మార్స్ వోల్టా’లో తేలాడు. తారలకు వీళ్లు ఎందుకు కావాలంటే, పాడేవాడి ఊపిరిని బట్టి వాయించడం వీళ్లకు చిన్ననాటి అలవాటు. స్పియర్స్ 2023 అక్టోబరు 30న 47 ఏళ్లకే కన్నుమూశాడు.

యూట్యూబ్ వచ్చాక పీట పక్కన కూర్చునే పని తప్పింది. స్పియర్స్ వేసిన ఒక ముక్తాయింపును వేల మంది కుర్రాళ్లు ముక్క తేడా లేకుండా దించేస్తున్నారు. దించనివ్వండి, అదీ ఒక సాధనే. నా ఫిర్యాదు వేరు. ఆ ముక్తాయింపుకు ముందు స్పియర్స్ ఎంతసేపు ఏమీ చేయకుండా నడక పట్టుకుని కూర్చున్నాడో వాళ్లు వినడం లేదు. నలభై సెకన్ల వీడియోలో నడకకు చోటెక్కడ? చర్చిలో నేర్చుకున్నవాడికి ఎప్పుడు ఆగాలో పాస్టరు నేర్పాడు. ఫోనులో నేర్చుకున్నవాడికి ఆ మాట చెప్పేవారు లేరు. ఈ బాణీకి వేగం బాగానే అబ్బింది, చెవి మాత్రం పలచబడుతోంది.

మన తెలుగు సంఘాల్లోనూ ఇది కనబడుతోంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు డోలక్, తబలాతో నడక కట్టిన పెద్దలున్న చోట, ఇప్పుడు డ్రమ్స్, రిథమ్ ప్యాడ్లు వచ్చాయి. యూట్యూబ్ చూసి అమెరికా గాస్పెల్ ముక్తాయింపులు పట్టుకున్న కుర్రాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. పట్టుదల ఉన్న పిల్లలు. అయితే తాము వాయించేది ఎవరిదో చెప్పమంటే చాలామందికి తెలియదు. తమ సంఘంలోనే డోలక్ వాయించిన తాతను కూడా అడగరు.

అలాంటి కుర్రాళ్లు మీ ఇంట్లో ఉంటే ఒక మాట చెప్పండి. ముందు ‘లవ్ అలైవ్’ ఆల్బమ్‌లు వరసగా వినమనండి. తర్వాత 1980ల కమిషన్డ్, ఆ తర్వాత ఫ్రెడ్ హామండ్, మధ్యలో బ్రయన్ బ్లేడ్ ‘ఫెలోషిప్’. స్పియర్స్ వీడియో అన్నిటికన్నా చివర చూడమనండి. అప్పుడు అందులో ఏ దెబ్బ ఎవరిదో వాళ్లే చెబుతారు.