పసుపు సారమును నిలుపు నానోకణములు

పసుపునకు రంగునిచ్చు కర్క్యుమిన్ యాంటీఆక్సిడెంటు. అనగా నూనెలకు కనరు పట్టకుండ అడ్డుపడునది. కాని అది నీట కరుగదు. వెలుతురునందు త్వరగా చెడును. అందుచే శాస్త్రజ్ఞులు దానిని క్రొవ్వుతో చేసిన నానోకణములందు నింపుచున్నారు. నానోమీటరనగా మిల్లీమీటరులో 10 లక్షలవ వంతు.

ఈ కణముల నిలుకడకు దినుసుల ఎంపికయే మూలము. గట్టి క్రొవ్వును మాత్రమే వాడినచో, అది పేరుకొని బిగిసి కర్క్యుమిన్‌ను వెలికి నెట్టవచ్చును. కొంత నూనె కలిపినచో బిగువు సడలి, సారము లోపల నిలుచును. సోయా లెసిథిన్ పైపొరగా ఏర్పడి, కణములు ఒకదానితో నొకటి కలిసిపోకుండ కాపాడును. నూనెయే పాతదైనచో కర్క్యుమిన్ దానిని కాపాడుటలోనే ఖర్చగును.

కావున "నానో" అను పేరొక్కటే హామీ కాదు. గ్రామమునకు ఇట్టి సరకు అమ్మకమునకు వచ్చినపుడు, సీసాపైనున్న దినుసులు, గడువు తేదీ, నిలువచేయు విధము చూచి కొనవలెనని పంచాయతీ సభ్యులు ప్రజలకు తెలుపవలెను.