కాటూరు నుంచి బాసర దాకా... ఒక చదువు తీర్చుకున్న ఋణం

కంప్యూటర్ శాస్త్రానికి నోబెల్ బహుమతి లేదు. ఆ లోటు తీర్చే గౌరవం ట్యూరింగ్ అవార్డు. 1994లో ఎడ్వర్డ్ ఫీగెన్‌బామ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తతో కలిసి ఆ అవార్డు అందుకున్నది మన తెలుగువారే, డాక్టర్ దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకానికి ఆయన రాజ్ రెడ్డి. కృత్రిమ మేధ అనేది పండితుల ఊహగా మిగిలిపోకుండా, దానితో పనికొచ్చే పెద్ద వ్యవస్థలు నిర్మించి చూపినందుకు దక్కిన గుర్తింపు అది. భారత సంతతి వారిలో ఆ అవార్డు అందుకున్న మొదటివారు ఆయనే.

1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని చిత్తూరు జిల్లా కాటూరులో, వ్యవసాయ కుటుంబంలో పుట్టారాయన. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి వ్యక్తి. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నారు. 1960లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఎంటెక్ చేసి, అక్కడే కొంతకాలం ఐబీఎంలో ఉద్యోగం చేశారు. 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తయింది. 1969లో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి అధ్యాపకుడిగా వెళ్లారు.

ఇది బయోడేటా. ఏ బయోడేటా అయినా మనిషి ఎక్కిన మెట్లు లెక్కపెడుతుంది. ఆ మెట్లు ఎవరు కట్టారో, ఎక్కినవాడు ఎవరి కోసం చెయ్యి చాచాడో అందులో ఉండదు. మత్తయి సువార్త మొదట్లో ఉన్న వంశావళిని మనలో చాలామందిమి గబగబా దాటేస్తాం. పేర్లే కదా అనుకుంటాం. కానీ అందులో ఒక్క పేరు తీసేస్తే తరువాతి పేరు లేదు. విద్యకూ అలాంటి వంశావళి ఒకటి ఉంది. రాజ్ రెడ్డి జీవితాన్ని అలా చదివితే రామగుండం, గోదావరిఖని ప్రాంతంలోని మనకు అది ఎక్కడో అమెరికాలో ఉన్నాయన కథగా అనిపించదు.

స్టాన్‌ఫర్డ్‌లో ఆయన గురువు జాన్ మెకార్తీ. 'కృత్రిమ మేధ' అన్న పేరును లోకానికిచ్చిన శాస్త్రవేత్త. ఆ మెకార్తీ ఎవరి బిడ్డ? కార్మిక సంఘాలు కట్టిన ఒక ఐర్లాండ్ వలసదారుడి కొడుకు. కార్మికుడి ఇంటినుంచి వచ్చిన గురువు దగ్గర రైతు ఇంటినుంచి వచ్చిన శిష్యుడు చేరాడు. యంత్రానికి మనిషి మాట వినడం నేర్పాలన్న పనికి పూనుకున్నాడు.

అది ఎంత కష్టమో ఆలోచించండి. మనం రాసేటప్పుడు మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదులుతాం. మాట్లాడేటప్పుడు ఆ ఖాళీ ఉండదు. ఆడగొంతు వేరు, మగగొంతు వేరు. చిత్తూరు యాస వేరు, కరీంనగర్ యాస వేరు. 'కల' అన్నాడా, 'కళ' అన్నాడా? చెవి ఒక్కటే తేల్చలేదు, ముందూ వెనకా ఉన్న మాటల అర్థం కూడా తోడు రావాలి. 1970 దశకంలో కార్నెగీ మెలన్‌లో రాజ్ రెడ్డి బృందం తయారుచేసిన 'హియర్‌సే' వ్యవస్థ ఈ సంగతి మీదనే నడిచింది. శబ్దం తెలిసిన భాగం ఒకటి, పదాలు తెలిసిన భాగం మరొకటి, వాక్య నిర్మాణం తెలిసిన భాగం ఇంకొకటి. ఇవన్నీ ఒకే నల్లబల్ల మీద తమకు తోచింది రాస్తాయి. ఒకటి రాసింది చూసి మరొకటి దిద్దుకుంటుంది. చివరికి అందరూ కలిసి ఒక అర్థానికి వస్తారు. 1976 నాటికి అదే చోట తయారైన 'హార్పీ' అనే వ్యవస్థ సుమారు వెయ్యి పదాలను గుర్తుపట్టగలిగింది. ఈనాడు మన చేతిలోని ఫోను మన మాట వింటున్నదంటే దాని వెనుక ఇలాంటివారి దశాబ్దాల శ్రమ ఉంది.

ఆయన పనిచేసిన పిట్స్‌బర్గ్ ఎలాంటి ఊరు? మన ఊరిలాంటిదే! బొగ్గు, ఉక్కు, పొగ, షిఫ్టు సైరన్లతో బతికిన ఊరు. నేతగాడి కొడుకుగా స్కాట్లాండ్ నుంచి వలస వచ్చి, చిన్నతనంలో నూలుమిల్లులో పనిచేసి, తరువాత ఉక్కు వ్యాపారంలో కోటీశ్వరుడైన ఆండ్రూ కార్నెగీ 1900లో అక్కడ ఒక సాంకేతిక విద్యాలయాన్ని స్థాపించాడు. ఎవరి కోసం? ఆ ఊరి కార్మికుల కొడుకులూ కూతుళ్లూ పనిపాటలు నేర్చుకోవడం కోసం. అదే పెరిగి పెద్దదై 1967లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమైంది. కార్మికుల పిల్లల కోసం కట్టిన బడి ప్రపంచానికే గురుపీఠమైంది!

1979లో ఆ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. దానికి తొలి డైరెక్టర్ రాజ్ రెడ్డి. 1991 వరకూ ఆయనే నడిపించారు. ఆ తరువాత ఆ సంస్థ చేసిన ఒక పనిని బొగ్గు ప్రాంతంలో ఉన్న మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 2002 జూలైలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని క్వీక్రీక్ గనిలో కార్మికులు పక్కనున్న పాత గని గోడను తెలియక తవ్వేశారు. ఏళ్లతరబడి అందులో నిలిచిన నీరు ఒక్కసారిగా దూకింది. తొమ్మిదిమంది లోపల చిక్కుకుపోయి, మూడు రోజులకు పైగా గడిచాక సజీవంగా బయటపడ్డారు. ఆ ప్రమాదానికి మూలం పాత గని పటం సరిగా లేకపోవడం. ఆ తరువాత కార్నెగీ మెలన్ ఆచార్యులు, విద్యార్థులు 'గ్రౌండ్‌హాగ్' అనే రోబోను తయారుచేశారు. మనిషి అడుగుపెట్టలేని, వదిలేసిన గనిలోకి 2003లో అది వెళ్లి, లేజర్ కిరణాలతో కొలుచుకుంటూ లోపలి పటం గీసుకుని వచ్చింది.

అదే 2003లో, జూన్ 16న, మన గోదావరిఖనిలో ఏం జరిగిందో ఇక్కడివారికి గుర్తుచేయనక్కర్లేదు. జీడీకే 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తింది. 17 మంది కార్మికులు తిరిగి రాలేదు. వారి భార్యలూ పిల్లలూ నేటికీ మన మధ్య ఉన్నారు. పరిశోధన అనే మాట వినగానే అది గొప్పవాళ్ల వ్యవహారం అనుకుంటాం. కానీ ఒక పటం సరిగ్గా గీయగలిగితే ఒక తండ్రి సాయంత్రానికి ఇల్లు చేరతాడు. పరిశోధన విలువ అక్కడ తెలుస్తుంది.

రాజ్ రెడ్డి శిష్యుల వరుస కూడా పెద్దదే. ఆయన దగ్గర చదివిన జేమ్స్ బేకర్ తన భార్య జానెట్‌తో కలిసి 1982లో డ్రాగన్ సిస్టమ్స్ అనే సంస్థను పెట్టి, మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్‌ను సామాన్యుల బల్ల మీదికి తెచ్చారు. తైవాన్‌లో పుట్టిన కై-ఫు లీ మరో శిష్యుడు. అతడు గురువు నమ్మిన పద్ధతిని వదిలి, గణాంకాల దారిలో వెళతానన్నాడు. రాజ్ రెడ్డి ఆ దారితో ఏకీభవించలేదు. అయినా శిష్యుడికి అండగా నిలబడి, కావలసిన వనరులన్నీ సమకూర్చారు. ఆ దారిలోనే 'స్ఫింక్స్' అనే వ్యవస్థ విజయవంతమైంది. కై-ఫు లీ తరువాత బీజింగ్‌లో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలను స్థాపించాడు. తన మాట కాదన్నవాణ్ని కూడా పెంచగలిగే పెద్దమనసు ఎందరు పెద్దలకు ఉంటుంది? ఇళ్లలో, బళ్లలో, సంఘాల్లో మనమంతా మనల్ని ప్రశ్నించుకోవలసిన సంగతి ఇది.

ఇంత చేసినా ఆయన చూపు చదువురానివారి మీదినుంచి తొలగలేదు. 1980 దశకం మొదట్లో పారిస్‌లోని ఒక అంతర్జాతీయ కేంద్రంలో, పేదదేశాల ప్రజలకు కంప్యూటర్‌ను చేర్చే పనిలో పాలుపంచుకున్నారు. అందుకు ఫ్రాన్స్ ప్రభుత్వం 1984లో లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. 2001లో మన దేశం పద్మభూషణ్ ఇచ్చింది. చదవడం రానివాడికి మాటే అక్షరం. యంత్రం మాట వింటే మొదట మేలు జరగాల్సింది అతనికే!

2008లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించినప్పుడు దాని తొలి కులపతి రాజ్ రెడ్డే. మనమంతా ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునేది దాన్నే. పదో తరగతి మార్కులతో పల్లెటూరి పిల్లలను తీసుకుని, ఆరేళ్లు అక్కడే ఉంచి, ఇంజనీర్లుగా పంపించే చదువు అది. ప్రభుత్వ బడిలో చదివినవారికి ప్రవేశంలో కొంత మొగ్గు కూడా ఇచ్చారు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు, అలాంటి ఇళ్ల పిల్లల కోసం కాలేజీ గడపే ఊరికి దగ్గరగా జరిపాడు. బాసర గుండా పారిన గోదావరే ధర్మపురి, మంచిర్యాల దాటి మన ఖని పక్కకు వస్తుంది.

మేము యైటింక్లైన్ కాలనీలోగానీ ఎన్టీపీసీ వైపుగానీ ఇళ్లకు వెళ్లినప్పుడు తల్లిదండ్రుల నోట తరచు వినే మాట ఒకటుంది. 'అయ్యగారూ, మావోడన్న కంప్యూటర్ చదువు చదివి ఈ బొగ్గులకెల్లి బయటపడాలె.' ఆ మాటలో తప్పేమీ లేదు. తట్టా చెమ్మాస్ పట్టిన చేతుల నొప్పి ఆ చేతులకే తెలుసు. 1990 దశకం ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు సుమారు 40 వేలు. యంత్రాలు దిగాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి, చేతుల అవసరం తగ్గింది. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకూ అదే గతి పట్టిస్తుందేమోనని ఆ చదివిన పిల్లలే భయపడుతున్నారు. ఈ భయాన్ని ఉత్తి మాటలతో తీసేయలేం. యంత్రం చేసిన మేలూ నిజమే, పోయిన కొలువులూ నిజమే.

అయితే ఒక్క మాట చెప్పగలం. యంత్రానికి ఏ పని నేర్పాలో నిర్ణయించేది ఇంకా మనిషే. ఆ మనిషి ఎక్కడినుంచి వచ్చాడన్నది చాలా ముఖ్యం. గని పైకప్పు ఎప్పుడు గులుగుతుందో, దుమ్ముతో ఊపిరితిత్తులు ఎలా పాడవుతాయో, రెండో షిఫ్టు ముగిసినా మనిషి ఇల్లు చేరకపోతే ఇంట్లోవాళ్ల ప్రాణం ఎలా కొట్టుకుంటుందో తెలిసిన బిడ్డ పరిశోధనశాలలో కూర్చుంటే, అతడు వేసే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. బొగ్గు ఊరినుంచి బయటపడటం ఒక గమ్యం. ఆ ఊరి ప్రశ్నలను వెంట తీసుకెళ్లడం అంతకన్నా పెద్ద గమ్యం.

ప్రియమైన తల్లిదండ్రులారా, మీ బిడ్డను తప్పకుండా పంపండి. ఎంత జీతం వస్తుందో కూడా అడగండి, అది మీ హక్కు. దాంతోపాటు నీకు నేర్పింది ఎవరు, నువ్వు నేర్పబోయేది ఎవరికి అని కూడా అడగండి. తలాంతును భూమిలో పాతిపెట్టినవాడికి అది వృద్ధి కాలేదు. చేతులు మారిన విద్య మాత్రం కాటూరులో మొదలై బాసర దాకా వచ్చింది.