భాస్వరానికీ క్యాన్సర్‌కూ ముడిపెట్టే ముందు

రాజపాళయం పేరు చెబితే నూలు మిల్లులూ, తెల్లటి వేటకుక్కలూ గుర్తొస్తాయి. తమిళనాడులో పడమటి కనుమల పాదాల దగ్గరి ఈ ఊళ్లో రాజు కులస్థులు తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు. పి.ఎ.సి. రామసామి రాజా 1936లో ఇక్కడ నూలు మిల్లు పెట్టారు. క్యాన్సర్ కణం లోపలి సంగతి చెప్పడానికి ఆ నూలూ, ఆ కుక్కలూ రెండూ పనికొస్తాయి.

మన ఒక్కో కణంలో దాదాపు 2 మీటర్ల డీఎన్ఏ ఉంటుంది. కండెకు నూలు చుట్టినట్టు అది హిస్టోన్లనే ప్రోటీన్లకు చుట్టుకుంటుంది. ఈ మొత్తం సరంజామా పేరు క్రొమాటిన్. కైనేజ్ అనే ఎంజైములు ఈ ప్రోటీన్లకు భాస్వరం ఉండే ఫాస్ఫేట్‌ను అతికిస్తాయి, ఫాస్ఫటేజ్‌లు ఊడదీస్తాయి. అతికించడాన్నే ఫాస్ఫోరిలేషన్ అంటారు. దీని చుట్టూ అపోహలకు కొదవ లేదు.

అపోహ: ప్రోటీన్లకు ఫాస్ఫేట్ అంటుకోవడమే క్యాన్సర్.

వాస్తవం: అది లేకపోతే ఆరోగ్యమైన కణం బతకలేదు. కణం రెండుగా చీలే వేళ అరోరా-బి అనే కైనేజ్ హెచ్3 హిస్టోన్‌లోని పదో అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. పని ముగియగానే అది ఊడిపోతుంది. మీరు ఇది చదువుతున్న ఈ నిమిషాన కూడా మీ పేగుల్లో, ఎముక మజ్జలో ఇదే జరుగుతోంది.

ఇంకో సంగతి చూడండి. డీఎన్ఏ రెండు పోగులూ తెగితే, కొద్ది నిమిషాల్లోనే ఆ చోట హెచ్2ఎఎక్స్ అనే హిస్టోన్‌కు ఫాస్ఫేట్ అంటుకుంటుంది. మరమ్మతు చేసే ప్రోటీన్లు ఆ గుర్తును పట్టుకుని అక్కడికి చేరతాయి. అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని 1998లో గుర్తించారు. ఆ ఫాస్ఫేట్‌ను అంటించే ఏటీఎం అనే కైనేజ్ పుట్టుకతోనే లోపించిన పిల్లలకు రక్త క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. అంటే ఇక్కడ ఫాస్ఫేట్ సరిగా అంటకపోవడమే ప్రమాదం!

అపోహ: సరే, క్యాన్సర్ కణంలో ఫాస్ఫేట్లు ఎక్కువ, మామూలు కణంలో తక్కువ. అంతేగా?

వాస్తవం: లెక్క అంత తేలిక కాదు. ఏ ప్రోటీన్‌కు, ఏ చోట, ఎంతసేపు అన్నదే ముఖ్యం. ఆర్‌బి అనే ప్రోటీన్ క్రొమాటిన్ మీద కూర్చుని, విభజనకు కావలసిన జన్యువులను అదుపులో పెడుతుంది. దానికి ఫాస్ఫేట్లు తగిలితే పట్టు వదిలేస్తుంది. చాలా క్యాన్సర్లలో ఈ తగిలించే పని అదుపు తప్పుతుంది. దాన్ని ఆపే పాల్బోసిక్లిబ్ అనే మందుకు రొమ్ము క్యాన్సర్ చికిత్స కోసం 2015లో అమెరికాలో అనుమతి దొరికింది.

బయాప్సీ రిపోర్టులో 'పిహెచ్‌హెచ్3' అని కనబడితే హడలిపోనక్కర్లేదు. అది ఆ హెచ్3 గుర్తును రంగు వేసి లెక్కపెట్టే పరీక్ష. విభజనలో ఉన్న కణాలెన్నో చెబుతుంది. గడ్డ క్యాన్సరా కాదా అన్నది ఆ ఒక్క అంకె తేల్చదు.

అపోహ: భాస్వరం ఉన్న తిండి మానేస్తే ఇదంతా ఆగుతుంది.

వాస్తవం: పాలూ పప్పులూ మానేసినంత మాత్రాన కైనేజ్‌లు ఊరుకోవు. వాటికి ఫాస్ఫేట్ అందించేది కణంలోని ఏటీపీ అనే అణువు. ఈ ఏటీపీని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అంతకు నాలుగేళ్ల ముందే, 1925లో, సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఒంట్లోని భాస్వరంలో సుమారు 85 శాతం ఎముకల్లోనూ పళ్లలోనూ ఉంటుంది. కిడ్నీ రోగులకు డాక్టర్లు భాస్వరం తగ్గించమనేది వేరే కారణంతో.

అపోహ: క్యాన్సర్ మనిషి కొనితెచ్చుకున్న జబ్బు, జంతువులకు రాదు.

వాస్తవం: రాజపాళయం కుక్కకూ వస్తుంది, ఏ జాతి కుక్కకైనా వస్తుంది. హిస్టోన్లు పరిణామంలో దాదాపు మారని ప్రోటీన్లు. బఠానీ మొక్క హెచ్4కూ ఆవు హెచ్4కూ మధ్య రెండే రెండు అమైనో ఆమ్లాల తేడా! మనకూ కుక్కకూ మధ్య ఇక చెప్పేదేముంది? కుక్కల్లో వచ్చే మాస్ట్ కణాల గడ్డలకు టోసెరానిబ్ అనే కైనేజ్ నిరోధక మందును 2009లోనే అమెరికా అనుమతించింది. పాలలా తెల్లటి ఒళ్లూ, గులాబీ ముక్కూ ఉన్న కుక్కలకు ఎండవల్ల వచ్చే చర్మ క్యాన్సర్ల ముప్పు కూడా ఉంటుంది. చర్మం కింద గడ్డ తగిలితే కొవ్వులే అని వదిలేయకుండా పశువైద్యుడికి చూపించండి. ఇంట్లో ఎవరికో రాసిన మాత్రలు మాత్రం కుక్కకు వేయకండి.