దారిలో ఆగిపోయిన గ్రంథి

గొంతు ముందు భాగంలో వేళ్ళు ఆనించి ఒక గుటక వేయండి. లోపల ఏదో పైకి లేచి మళ్ళీ దిగినట్లు తెలుస్తుంది. అది స్వరపేటిక. దానికి దిగువన శ్వాసనాళాన్ని అంటిపెట్టుకొని సీతాకోకచిలుక ఆకారంలో ఉండేదే అవటు గ్రంథి, అంటే థైరాయిడ్. ఆహారంలోని అయోడిన్‌ను ఉపయోగించి థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేయడం దీని పని.

విచిత్రమేమిటంటే ఈ గ్రంథి పుట్టేది మెడలో కాదు, నాలుక మొదట్లో! పిండానికి నాలుగో వారం నడుస్తుండగా అక్కడ చిన్న మొగ్గలా మొలుస్తుంది. సన్నని నాళాన్ని వెంటబెట్టుకొని కిందికి దిగుతూ ఏడో వారానికి మెడలో తన చోటు చేరుతుంది. తరువాత ఆ నాళం మాయమవుతుంది.

ఈ ప్రయాణంలో అరుదుగా పొరపాట్లు జరుగుతాయి. నాళం పూర్తిగా మాయం కాకపోతే, అందులో ద్రవం చేరి మెడ మధ్యలో తిత్తిలా ఉబ్బవచ్చు. నాలుక బయటికి చాచినప్పుడు ఈ తిత్తి పైకి కదులుతుంది. వైద్యులకు అదొక గుర్తు. కొందరిలో గ్రంథి రెండు తమ్మెలలో ఒకటి, తరచుగా ఎడమది, ఏర్పడదు. రెండోది ఆ పని కూడా చేస్తుంది కనుక చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఇక సుమారు లక్షమందిలో ఒకరికి గ్రంథి దిగకుండా నాలుక మొదట్లోనే ఉండిపోతుంది. వీరిలో ఎక్కువమందికి మెడలో వేరే గ్రంథి ఉండదు. గడ్డ అనుకొని కోసివేస్తే ఉన్న ఒక్క గ్రంథీ పోతుంది! అందుకే ముందుగా మెడకు స్కానింగ్ చేయాలి.

గ్రంథి లేకపోయినా, చోటు తప్పి చాలినంత పనిచేయకపోయినా అసలు ప్రమాదం శిశువు మెదడుకు. థైరాక్సిన్ లేనిదే మెదడు సరిగా ఎదగదు. గర్భంలో తల్లి థైరాక్సిన్ కొంత మాయ ద్వారా అందుతుంది కనుక, పుట్టగానే శిశువు చూపులకు మామూలుగానే ఉంటుంది. లక్షణాలు బయటపడేదాకా ఆగితే, అప్పటికే జరిగిన నష్టం పూడదు.

మరి ముందే ఎలా కనిపెట్టాలి? కెనడాలోని క్విబెక్‌లో జాన్ డ్యూసో అనే వైద్యుడు 1970ల తొలి సంవత్సరాల్లో దారి చూపాడు. శిశువు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కను వడపోత కాగితంపై ఆరబెట్టి, అందులోని హార్మోనును కొలవవచ్చని నిరూపించాడు. ఇటువంటి పరీక్ష వల్ల, హార్మోను లోపంతో పుట్టిన శిశువులను మొదటి రెండు వారాల్లోనే గుర్తించవచ్చు. సుమారు 2,000 నుంచి 4,000 జననాలలో ఒకరికి ఈ లోపం ఉంటుంది. అప్పుడే మొదలుపెట్టి రోజూ ఒక చిన్న మాత్ర ఇస్తే, ఆ బిడ్డ మీలాగే ఆడుతూ చదువుతూ పెరుగుతుంది.

మీ ఇంట్లో పాపాయి పుడితే, మడమ రక్తపరీక్ష చేయించారా అని పెద్దవారిని అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఒక జీవితాన్నే కాపాడవచ్చు.