కీలెరిగి పెట్టే వాతేనా?

కీళ్లవాతానికి మూలకణాల సూదితో శాశ్వత విముక్తి అన్న ప్రచారం జోరుగా ఉంది. కానీ ఆ ఆశకూ, ఇప్పటిదాకా జరిగిన పరీక్షలు చెబుతున్న నిజానికీ మధ్య దూరం చాలానే ఉంది.

తెల్లవారుజామునే మెలకువ వస్తుంది గానీ పిడికిలి బిగుసుకోదు. పాల ప్యాకెట్ కత్తిరించాలన్నా, తలుపు తాళం తిప్పాలన్నా, జాకెట్ హుక్కులు పెట్టుకోవాలన్నా కనీసం గంటసేపు ఆగాలి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారిలో చాలామందికి రోజు ఇలాగే మొదలవుతుంది. పురుషుల కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపించే ఈ జబ్బు తరచూ ఇంటి పని, ఉద్యోగం, పిల్లల చదువులు అన్నీ నెత్తిన ఉన్న వయసులోనే వచ్చి పడుతుంది. వారానికోసారి వేసుకునే మాత్ర వికారం పుట్టిస్తుంది. నెలనెలా రక్తపరీక్షలు విసుగు తెప్పిస్తాయి. సరిగ్గా అప్పుడే ఏ బంధువో ఒక ప్రకటన తెచ్చి చేతిలో పెడతాడు. మీ కణాలతోనే మీకు వైద్యం, ఆపరేషన్ లేదు, జీవితాంతం మందులు మింగే పని లేదు అన్నది దాని సారాంశం. ఖర్చు మాత్రం లక్షల్లో ఉంటుంది.

బంగారం తాకట్టు పెట్టయినా సరే ఆ సూది వేయించుకోవాలా? జవాబు చెప్పాలంటే ముందు ఒక తికమకను విడదీయాలి. మన వాడుకలో మోకాళ్ల నొప్పులన్నీ కీళ్లవాతమే. వైద్యంలో మాత్రం ఇవి రెండు వేర్వేరు జబ్బులు. వయసు, బరువు, పాత దెబ్బల వల్ల కీలులోని మృదులాస్థి అరిగిపోతే అది ఆస్టియో ఆర్థరైటిస్. రుమటాయిడ్ అలా కాదు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారితప్పి కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి, మందమెక్కి, మృదులాస్థినీ ఎముకనూ కొరుక్కుతింటుంది. ఊపిరితిత్తులు, గుండె, కళ్లు కూడా దీని బారిన పడవచ్చు. మొదటిది అరిగిన బండి చక్రమైతే రెండోది ఇంట్లో రగులుతున్న నిప్పు. నిప్పు ఆర్పకుండా గోడలకు కొత్త సున్నం వేస్తే నిలిచేది ఎన్నాళ్లు? మూలకణాలతో కొత్త మృదులాస్థి పుట్టిస్తామనే వారికి రుమటాయిడ్ రోగి ముందుగా వేయాల్సిన ప్రశ్న ఇదే.

పేరులోనే పొరపాటు

ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేవి మెసెన్‌కైమల్ మూలకణాలు. ఎముక మూలుగ, పొట్ట కొవ్వు, బొడ్డుతాడు నుంచి వీటిని తీస్తారు. 1991లో ఈ పేరును ప్రచారంలోకి తెచ్చింది అమెరికా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లాన్. తమాషా ఏమిటంటే, ఆ పేరు మార్చాల్సిన సమయం వచ్చిందని 2017లో వాదించిందీ ఆయనే. శరీరంలోకి ఎక్కించిన ఈ కణాలు కొత్త కణజాలంగా మారడం కంటే చుట్టుపక్కల కణాలకు రసాయన సంకేతాలు పంపడమే ఎక్కువని అప్పటికి తేలింది. మూలకణాలనే మాట రోగులను తప్పుదారి పట్టిస్తోందన్నది ఆయన ఆవేదన.

అయితే ఆ సంకేతాలకు విలువ లేదని కాదు. వాపును అదుపు చేసే గుణం వీటికి ఉన్నట్టు ప్రయోగశాలల్లో కనిపించింది. రుమటాయిడ్ మీద శాస్త్రవేత్తలకు ఆశ పుట్టింది అందుకే. దాన్ని మనుషుల మీద పరీక్షించారు కూడా. చైనాలో 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో 172 మంది పాల్గొన్నారు. మామూలు మందులకు తోడుగా బొడ్డుతాడు కణాలు ఎక్కించినవారికి ఉపశమనం కలిగిందని అందులో తేలింది. కానీ ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించకపోవడంతో దాని మీద పూర్తి భరోసా పెట్టుకోలేం.

మరింత కట్టుదిట్టంగా జరిగిన స్పెయిన్ పరీక్ష ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. అందులో ఉన్నది 53 మంది. అందరూ ఖరీదైన బయోలాజిక్ మందులకూ లొంగని మొండి జబ్బుతో ఉన్నవారే. ఇతరుల కొవ్వు నుంచి తీసి పెంచిన కణాలను మూడు మోతాదుల్లో 46 మందికి ఇచ్చారు. మిగతా ఏడుగురికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. నెల తర్వాత లక్షణాలు కనీసం 20 శాతం తగ్గినవారు ఆ మూడు బృందాల్లో 45, 20, 33 శాతం చొప్పున తేలారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలోనూ 29 శాతం మందికి అదే ఉపశమనం కలిగింది. మూడు నెలలయ్యేసరికి కణాలు తీసుకున్న బృందాల్లో ఆ లెక్క 25, 15, 17 శాతానికి పడిపోయింది. ఉత్తుత్తి మందు బృందంలో ఒక్కరూ మిగల్లేదు. అంటే ఎంతో కొంత ప్రభావం ఉండవచ్చు. కానీ అది కొద్దిమందికే, అదీ కొద్దికాలమే. దీన్ని ముందుకు తీసుకెళ్లాల్సిన పరిశోధన అనవచ్చు గానీ శాశ్వత విముక్తి అనలేం.

ఇంకా ముందే, 1990ల చివరలో, మరింత సాహసమైన ప్రయత్నం జరిగింది. రోగి సొంత రక్త మూలకణాలను తీసి దాచి, బలమైన క్యాన్సర్ మందులతో రోగనిరోధక వ్యవస్థను తుడిచేసి, ఆ కణాలతో దాన్ని మళ్లీ మొలిపించడం ఆ పద్ధతి. 76 మంది రుమటాయిడ్ రోగుల అనుభవం 2004లో ప్రచురితమైంది. మొదట చాలామంది కోలుకున్నా, తర్వాత వారిలో అత్యధికులకు జబ్బు తిరగబెట్టి మళ్లీ మందులు మొదలుపెట్టాల్సి వచ్చింది. కీళ్లవాతం ముదిరిన పిల్లల్లో ఫలితాలు కాస్త మెరుగ్గా ఉన్నా, కొందరు పసివాళ్లు ఆ చికిత్స వల్లే ప్రాణాలు కోల్పోయారు. ఈలోగా మంచి మందులు రావడంతో ఆ దారిలో నడిచేవారు బాగా తగ్గిపోయారు.

మోకాలి కథ వేరు

అరుగుదల మోకాళ్ల విషయంలో మన దేశం ఒక అడుగు ముందుకేసింది. బెంగళూరుకు చెందిన స్టెమ్‌ప్యూటిక్స్ సంస్థ దాతల మూలుగ నుంచి తయారుచేసిన కణాల మందుకు 2022లో ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. 146 మంది మీద జరిగిన మూడో దశ పరీక్షలో నొప్పి తగ్గి, ఏడాదిపాటు కదలిక మెరుగుపడిందన్నది సంస్థ చూపిన ఆధారం. కానీ 2023 నవంబర్‌లో అమెరికాలో దాదాపు 480 మందితో జరిగిన పెద్ద పరీక్ష మరో మాట చెప్పింది. మూలుగ, కొవ్వు, బొడ్డుతాడు కణాల్లో ఏ ఒక్కటీ ఏడాది చివర మామూలు స్టెరాయిడ్ సూది కంటే మెరుగనిపించుకోలేదు. ఏదేమైనా ఆ అనుమతి ఒక మోస్తరు అరుగుదల ఉన్న మోకాలికే. రుమటాయిడ్‌కు కాదు. ఒకదాని అనుమతి పత్రం చూపించి మరోదానికి వైద్యం అమ్మడం ఈ వ్యాపారంలోని పాత చిట్కా.

చట్టం మాట సూటిగానే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2007 నాటి మార్గదర్శకాల శీర్షికలో పరిశోధనతో పాటు చికిత్స అనే మాట కూడా ఉండేది. 2013లో సవరించినప్పుడు ఆ మాటను కావాలనే తీసేశారు. 2017 నాటి మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతాదంతా పరిశోధనే. అది అనుమతి పొందిన క్లినికల్ పరీక్షలో భాగంగానే జరగాలి. రోగి కణాలనే తీసి అదే రోజు తిరిగి ఎక్కిస్తున్నామనే సాకుకూ చోటు లేదు. 2019 నాటి కొత్త ఔషధాల నిబంధనలు మూలకణ ఉత్పత్తులను కొత్త మందుల జాబితాలో చేర్చాయి. ఇక కీళ్లవాతాన్ని నయం చేస్తామంటూ మందులకు ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం.

మన కణాలే కదా, పోయేదేముంది అనే ధీమా కూడా సరైంది కాదు. కొవ్వు కణాలను కంట్లోకి ఎక్కించుకున్న ముగ్గురు మహిళలు చూపు కోల్పోయిన వైనం 2017లో అమెరికాలో బయటపడింది. మరుసటి ఏడాది అక్కడే బొడ్డుతాడు రక్తం నుంచి తయారైన సూదులు కీళ్లలో, వెన్నులో వేయించుకున్న 12 మంది బ్యాక్టీరియా సోకి ఆస్పత్రి పాలయ్యారు.

అసలు నష్టం ఎక్కడ?

అన్నిటికంటే పెద్ద ముప్పు సూదిలో లేదు, ఆపేసిన మాత్రలో ఉంది. రుమటాయిడ్‌లో ఎముక కోత తరచూ మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది. ఆ వ్యవధిలో జబ్బును గట్టిగా అదుపు చేస్తే వేళ్లు వంకర పోకుండా కాపాడుకోవచ్చు. కొత్త చికిత్స మీద నమ్మకంతో పాత మందు మానేసిన నెలల్లో కరిగిపోయిన ఎముకను ఏ కణమూ తిరిగి తెచ్చివ్వదు.

పాత మందు అంటే చులకన కూడా పనికిరాదు. 1980ల నుంచి వాడుతున్న మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఈ చికిత్సకు వెన్నెముక. దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వికారం తగ్గించడానికి ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, లేదా మాత్రకు బదులు సూదికి మారుస్తారు. దానితో జబ్బు లొంగకపోతే బయోలాజిక్స్ ఉన్నాయి. వాటి ధర ఆకాశంలో ఉండే రోజులు కొంత మారాయి. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటుక్సిమాబ్‌కు స్వదేశీ రూపం తెచ్చింది. 2014లో జైడస్ అడాలిముమాబ్‌ను తెచ్చింది. టోఫాసిటినిబ్ మాత్రలకూ ఇప్పుడు దేశీయ జనరిక్‌లు దొరుకుతున్నాయి. ఇవీ ప్రమాదం లేనివి కావు. దాగి ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు గనుక ముందుగా ఆ పరీక్ష తప్పనిసరి. గుండె జబ్బు ఉన్నవారు, పొగతాగేవారు టోఫాసిటినిబ్ విషయంలో జాగ్రత్తపడాలి. కానీ వీటి మేలూ కీడూ వేలమంది మీద లెక్క తేలినవి. మూలకణాల విషయంలో లేనిది ఆ లెక్కే.

అయినా ప్రయత్నించాలనుకునేవారికి దారి మూసుకుపోలేదు. నమోదైన క్లినికల్ పరీక్షలో చేరవచ్చు. అందుకు ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ పరీక్షకు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఉందా? నైతిక కమిటీ అనుమతి ఉందా? కణాలు ఎవరివి, ఏ ప్రయోగశాలలో శుద్ధి చేశారు? పాత మందులు మానేయమంటున్నారా? హాని జరిగితే పరిహారం ఎవరిస్తారు? రిజిస్ట్రీని ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. ఇక పరీక్షలో చేరడానికి డబ్బు కట్టమంటే అది పరీక్ష కాదు, బేరం. సంతకం చేసే ముందు ఆ కాగితాలను మరో రుమటాలజిస్టుకు చూపించడం మేలు. హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థల్లోనూ ఈ విభాగం ఉంది.

పరిశోధన ఆగలేదు, ఆగకూడదు కూడా. ఏదో ఒక రోజు ఈ కణాలో, వాటి సంకేతాలో నిజంగానే ఈ నిప్పును ఆర్పవచ్చు. అప్పటిదాకా కీలెరిగి వాత పెట్టాలన్న పెద్దల మాటే శరణ్యం. ఏ కీలుకు ఏ జబ్బో తేల్చకుండానే వాత పెట్టడానికి సిద్ధపడేవారి చేతికి చెయ్యీ, చెక్కుపుస్తకమూ ఇవ్వకపోవడం ఉత్తమం.