పదమూడేళ్ళ నిరీక్షణ

వైశాలి నుండి గంటా రెండు గంటల ప్రయాణ దూరంలో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్ ఉన్నది. 2011 అక్టోబరు 30న అక్కడ జరిగిన తొలి ఇండియన్ గ్రాండ్ ప్రిలో పాల్గొన్న ఏకైక భారతీయుడు నరైన్ కార్తికేయన్.

1977లో జన్మించిన ఆయన, 1992లో ఫ్రాన్సులోని విన్‌ఫీల్డ్ శిక్షణాలయంలో ఓనమాలు దిద్దారు. 1996లో ఫార్ములా ఆసియా విజేతగా నిలిచినప్పటికీ, ఫార్ములా వన్ ద్వారం తెరుచుకొనుటకు మరి తొమ్మిదేళ్ళు పట్టినది. 2005లో జోర్డాన్ జట్టు తరఫున మెల్‌బోర్న్‌లో పోటీపడి, ఆ స్థాయికి చేరిన మొదటి భారతీయుడయ్యారు.

అదే సంవత్సరం ఇండియానాపొలిస్‌లో టైర్లు సురక్షితం కావని 14 కార్లు వైదొలగగా, మిగిలిన ఆరింటిలో ఆయన నాలుగవ స్థానం పొంది 5 పాయింట్లు గడించారు. దానిని అదృష్టమనువారు కలరు. అయితే అదృష్టం వరించిన నాడు బరిలో ఉండుటకే పదమూడేళ్ళ సాధన కావలసి వచ్చినది. పరీక్షా ఫలితాలకై ఆరాటపడే మన పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పవలెను.