మందులు వాడుతున్నా మతిమరుపా?

పొద్దున మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండదు. సంతలో చిల్లర లెక్క తప్పుతుంది. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఏళ్లుగా హెచ్‌ఐవీతో బతుకుతున్నవారిలో కొందరి ఇబ్బందులివి. ఇంట్లోవాళ్లు 'పరధ్యానం' అని కసురుకుంటారు. నిజానికది మెదడుకు వచ్చిన జబ్బు కావచ్చు.

ఒకప్పుడు ఎయిడ్స్ ముదిరితే చాలామందికి డిమెన్షియా వచ్చేది. ఏఆర్‌టీ మందులు వచ్చాక ఆ తీవ్రత బాగా తగ్గింది. మనదేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి వాటిని ఉచితంగా ఇస్తోంది. అయినా తేలికపాటి మతిమరుపు కొందరిని వదల్లేదు. ఎందుకని?

వైరస్ ఒంట్లో చేరిన తొలి వారాల్లోనే మెదడుకూ చేరుతుంది. మైక్రోగ్లియా అనే కాపలా కణాల్లో మకాం వేస్తుంది. విచిత్రం ఏమిటంటే... ఆలోచనలకు ఆధారమైన న్యూరాన్ల జోలికి అది నేరుగా వెళ్లదు. కానీ అవీ దెబ్బతింటాయి! ఆ గుట్టు విప్పే ఆధారాల్లో ఒకటి మైక్రో ఆర్ఎన్ఏ.

డీఎన్ఏని వంటల పుస్తకం అనుకుంటే, వంటవాడికి అందే చీటీ ఆర్ఎన్ఏ. ఆ చీటీ ప్రకారమే ప్రొటీన్ తయారవుతుంది. కొన్ని ఆర్ఎన్ఏలు మాత్రం ఏ ప్రొటీన్‌నీ తయారుచేయవు. సుమారు 22 అక్షరాల మైక్రో ఆర్ఎన్ఏ అలాంటిదే. మరో చీటీకి అతుక్కుని ఆ వంట ఆపేయడం దాని పని. దాన్ని 1993లో వెల్లడించిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ దక్కింది.

అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో సౌమ్య యలమంచిలి, హోవర్డ్ ఫాక్స్ బృందం 2010లో ఓ విషయం బయటపెట్టింది. హెచ్‌ఐవీ వల్ల మెదడువాపు వచ్చినవారి న్యూరాన్లలో మైక్రో ఆర్ఎన్ఏ-21 పెరిగిపోయింది. అది న్యూరాన్లకు అవసరమైన ఎంఈఎఫ్2సీ అనే ప్రొటీన్‌ను తగ్గించేస్తోంది. కణాలు విడిచే సూక్ష్మ తిత్తుల్లో ప్రయాణించి న్యూరాన్లను చంపగలదనీ 2015లో ఆ బృందమే చూపింది.

ఇవన్నీ ఇంకా పరిశోధన దశలోనివే. మరి ఇప్పుడేం చేయాలి? మందు మానకూడదు. మతిమరుపు కనిపిస్తే ఏఆర్‌టీ కేంద్రంలో డాక్టరుకు చెప్పాలి. దిగులు, థైరాయిడ్, బి12 లోపం, మద్యం కూడా కారణం కావచ్చు. వాటికి చికిత్స ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చెన్నైకో, హైదరాబాద్‌కో, గుజరాత్ తీరానికో వలస వెళ్లేవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. బయల్దేరేముందే కేంద్రంలో చెబితే, వెళ్లేచోటికి దగ్గర్లోని కేంద్రంలో మందులు తీసుకునే ఏర్పాటు చేస్తారు. మాత్ర వేళకు గుర్తుచేసే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకుంటే మరీ మంచిది. సందేహాలుంటే 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.